అలసటను తూచే ట్యాంక్ బ్యాగ్

"ఊపిరి బిగబట్టకండి. మామూలుగా పీల్చండి," అంది డాక్టర్ కల్పలత.

అప్పలస్వామి మామూలుగానే పీలుస్తున్నాడు. మోటార్‌సైకిల్ మీద ముందుకు వంగి, పొట్టను ట్యాంక్ బ్యాగుకు ఆనించి కూర్చున్నాడు. బ్యాగు మీది చిన్న తెరలో డెబ్బై ఎనిమిది అంకె వెలిగింది. బండి లోపల ఏదో టక్కుమని మూసుకుంది.

"ఇదీ ఒప్పుకోలేదు," అంటూ ఇస్మాయిల్ బ్యాగు ఊడదీశాడు. విశాఖపట్నంలో టూరింగ్ సామాను అమ్మే ఆ దుకాణం అతనిదే. "ఇంకా చిన్నది చూపించమంటారా, గురువు గారూ?"

కార్లు, బస్సులు, లారీలు వాటంతటవే తిరగడం మొదలై చాలా కాలమైంది. మనిషి తన చేత్తో నడపగలిగేది మోటార్‌సైకిల్ ఒక్కటే. అదీ ప్రభుత్వం వదిలిపెట్టిన కొద్ది రోడ్ల మీదే. వాటిలో అనంతగిరి ఘాట్ రోడ్డు ఒకటి. ఈ ఆదివారం పొద్దు గూకగానే దాన్నీ శాశ్వతంగా మూసేస్తారు. ఆ రోజు శనివారం.

అప్పలస్వామి ఒకప్పుడు ఆ ఘాట్ మీదే బస్సు తోలేవాడు. బస్సులకు డ్రైవర్లు అక్కర్లేకుండా పోయాక అతన్ని కంట్రోల్ రూంలో కూర్చోబెట్టారు. తప్పు చెయ్యని బస్సులను తెర మీద కళ్లార్పకుండా చూడటం అతని ఉద్యోగం. స్టీరింగ్ పట్టుకున్న రోజుల్లో ఎరగని అలుపు కుర్చీలో కూర్చున్నాక పట్టుకుంది. ఆ మలుపులను చివరిసారి తన చేతులతో తిప్పాలని, పోట్లాడి సెలవు తీసుకుని వచ్చాడు.

కొత్త బళ్లలో పెట్రోలు లేదు, కాబట్టి ట్యాంకూ లేదు. సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య ట్యాంకులా ఉబ్బిన మూపు మాత్రం అలవాటుకొద్దీ మిగిలింది. దాని మీద కట్టేది కనక ట్యాంక్ బ్యాగ్. రెయిన్ కవరు, మ్యాపు కనబడే జేబు, నీళ్ల బాటిలుకు ఒక అర, అంతా పాత పద్ధతే. కొత్తదనమంతా రైడర్ పొట్టకు ఆనే వైపు ఉంది. అలసట మీద పరిశోధన చేసే కల్పలత అక్కడి ఫోమ్‌లో సన్నని సెన్సర్లు నేయించింది. ఊపిరి లోతు, గుండె వేగం, పొట్ట కండరాల వణుకు, ఈ మూడూ కలిపి బ్యాగు అలసటను ఒక అంకెగా చెబుతుంది. నలభై దాటితే మోటారుకు తాళం పడుతుంది. ఈ బ్యాగు లేని బండి చేత్తో నడిపే రోడ్ల మీదికి పోకూడదని చట్టం.

"అసలు పొట్టకు తగలనంత చిన్నదుంటే ఇవ్వు," అన్నాడు అప్పలస్వామి.

కల్పలత నవ్వింది. "తగలకపోతే సీటు మీద మనిషి లేడనుకుంటుంది. మనిషి లేని బండిని కదలనివ్వదు."

"మరైతే మేగ్నెట్‌ది?"

"మీ బండి మూపు ప్లాస్టిక్‌ది, అంటుకోదు," అన్నాడు ఇస్మాయిల్. "పట్టీలదే గతి."

అప్పలస్వామి ఒక్కొక్క బ్యాగునూ మూపు మీద పెట్టి, హ్యాండిల్‌ను అటు చివరికీ ఇటు చివరికీ తిప్పి చూశాడు. ఎత్తు బ్యాగైతే మలుపులో హారన్‌ను నొక్కేస్తుంది. వెడల్పుదైతే మోచేతులకు అడ్డం. చివరికి ముందు వైపు సన్నగా, పొట్టిగా, నాలుగు పట్టీలున్న నల్లటిది నచ్చింది. మిగిలింది అంకె.

"రాత్రి బాగా పడుకున్నానమ్మా."

"ఇది ఒక్క రాత్రి అలుపు కాదండీ. ఏళ్ల తరబడి పేరుకుంది. రెండు నెలలు ఏ పనీ లేకుండా ఉంటే దిగుతుంది."

"రోడ్డు రేపటిదాకే ఉంటుంది."

"తెలుసు. నాకూ బాధగానే ఉంది."

"ఆ ఘాట్‌లో ఇరవై ఏళ్లు బస్సు తోలాను. ఒక్క గీత పడలేదు."

"లోయలో పడ్డవాళ్లు కూడా అంతకు ముందురోజు ఆ మాట అనగలిగినవాళ్లేనండీ," అంది ఆమె మెల్లగా, ఎదుటి హోటల్లో టీకి వెళుతూ.

ఆమె గడప దాటగానే ఇస్మాయిల్ బల్ల వైపు తిరిగాడు. "పైడిరాజూ, లే. బోణీ."

బల్ల మీద తువ్వాలు కప్పుకుని పడుకున్న మనిషి లేచాడు. పైడిరాజు చేపల వేటకు వెళ్లేవాడు. పడవలు వాటంతటవే సముద్రానికి వెళ్లి రావడం మొదలయ్యాక అతనికి ఒడ్డున నిద్ర తప్ప పని లేదు. ఊరంతటికీ తక్కువ అంకె అతనిదే. కొత్త బ్యాగుకు మొదట అతని ఊపిరి తగిలితే, తర్వాత ఎవరు కూర్చున్నా కాస్త కరుణిస్తుందని ఆ వీధి దుకాణాల వాళ్ల నమ్మకం. టీ, టిఫిను పెట్టి పిలుచుకుంటారు.

పైడిరాజు నల్ల బ్యాగును పిల్లను కావలించుకున్నట్టు కావలించుకున్నాడు. పందొమ్మిది. బండి తాళం తెరుచుకుంది.

"ఇప్పుడు మీరు కూర్చోండి, గురువు గారూ."

అప్పలస్వామి కూర్చున్నాడు. తెర ఎర్రబడింది. 'మీరు యజమాని కాదు.'

టీ తాగి వచ్చిన కల్పలత ఆ తెర చూసి, పైడిరాజును చూసి, స్టూలు లాక్కుని కూలబడింది. "ఈ కొత్త రకం తాను ఒప్పుకున్న మొదటి మనిషి ఊపిరిని గుర్తు పెట్టేసుకుంటుంది, ఇస్మాయిల్ గారూ. చెప్పాను కదా!"

"చెప్పారు మేడం. ఎవరి బ్యాగు వాళ్లదే అన్నారు. బోణీ చేయించొద్దని అనలేదు."

"చెరిపెయ్యలేరా?" అన్నాడు అప్పలస్వామి.

"రవాణా శాఖ అనుమతి కావాలి. సోమవారం దాకా ఎవరూ ఉండరు."

"ఇంకో బ్యాగు కడతాం," అన్నాడు ఇస్మాయిల్.

"బండి తన తాళం మొదట తెరిచిన బ్యాగుకే కట్టుబడుతుంది. లేకపోతే ఊరంతా పైడిరాజు ఊపిరి మీదే తిరిగేస్తుంది కదండీ."

"అంటే ఇప్పుడీ బండి ఎవరిది?"

"బండి మీదే. నడపాల్సింది ఇతను."

"నాకు లైసెన్సుంది బాబూ, బండే లేదు," అన్నాడు పైడిరాజు. తర్వాత ఆమెకు వినపడకుండా అప్పలస్వామి చెవి దగ్గరికి వంగాడు. "ఘాట్ కాడికి వచ్చాక నాను ముందర బ్యాగు కరుచుకుని కూకుంటాను. మీరు ఎనకనించి చేతులు చాపి హేండిల్ అట్టుకోండి. దానికేటి తెలుస్తాది?"

అప్పలస్వామికి ఆ రోజంతటిలో ఆశ పుట్టించిన మాట అదొక్కటే.

ఆదివారం ఉదయం బయలుదేరారు. ముందు పైడిరాజు, వెనక అప్పలస్వామి. మొదట్లో అతని కాళ్లు లేని బ్రేకును నొక్కుతూనే ఉన్నాయి. శృంగవరపుకోట దాటేసరికి కాళ్లు కుదుటపడ్డాయి. ఎదురుగా వెచ్చటి వీపు, చెవుల్లో మోటారు సన్నటి రొద. ఏళ్ల తర్వాత కళ్ల ముందు కాపలా కాయాల్సిన తెర ఏదీ లేదు. మొదటి మలుపు రాగానే చేతులు చాపాలి అనుకున్నాడు.

కళ్లు తెరిచేసరికి బండి ఒక కాఫీ కొట్టు ముందు ఆగి ఉంది. నడుము చుట్టూ తువ్వాలు. దాని రెండో కొస పైడిరాజు నడుముకు ముడేసి ఉంది.

"ఘాట్ ఎంత దూరముంది?"

"అరకు వచ్చేసినాం బాబూ."

"లేపలేదేం?"

"రెండు మాట్లు లేపినాను. వచ్చే స్టాపులో దిగుతానన్నారు. పడిపోతారని కట్టేసినాను."

అప్పలస్వామికి కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఒళ్లు దూదిపింజలా ఉంది. ఇంకా మధ్యాహ్నమే. "పోనీలే. దిగేటప్పుడు మలుపులన్నీ నావి. పద."

పైడిరాజు కూర్చుని బ్యాగుకు పొట్ట ఆనించాడు. అరవై ఆరు. తాళం పడింది.

పైడిరాజు హ్యాండిల్ వదిలి, బిగుసుకుపోయిన వేళ్లను ఒక్కొక్కటిగా సాగదీసుకున్నాడు. ఆ మనిషి కొండ రోడ్డు ఎక్కడం అదే మొదటిసారి. వెనక నిద్రపోతున్న మనిషిని మోసుకుంటూ ఎక్కాడు.

"కాసేపు పడుకో. దిగుతుంది."

పైడిరాజు కాఫీ కొట్టు అరుగు మీద పడుకున్నాడు. అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. లేచి కూర్చున్నాడు. "నిద్దర రాట్లేదు బాబూ. కళ్లు మూస్తే మలుపులే అవుపిస్తున్నాయి."

ఎండ పసుపు రంగుకు తిరిగింది. పైడిరాజు మళ్లీ మళ్లీ బ్యాగుకు పొట్ట ఆనించి చూశాడు. అరవై మూడు. అరవై నాలుగు. కొట్టువాడు సామాను సర్దుతుండగా అప్పలస్వామి ఫోన్ మోగింది.

"మీ బ్యాగు లెక్క ఇక్కడికి వస్తోందండీ," అంది కల్పలత. "రైడర్ అలిసిపోయాడు, బండి ఆగిపోయింది. అది చేయవలసింది అదే. మీరెలా ఉన్నారు?"

అప్పలస్వామి సీటెక్కి బ్యాగుకు పొట్ట ఆనించాడు. యజమాని కాదని ఎర్ర అక్షరాలు వచ్చాయి. వాటి కింద అంకె వచ్చింది.

"ముప్పై ఎనిమిది చూపిస్తోందమ్మా."

అవతల మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

"అలా జరగదే. రెండు నెలల విశ్రాంతి లేకుండా మా ప్రయోగాల్లో ఎవరికీ అంత దిగలేదు. ఏం చేశారు మీరు?"

"ఏమీ చెయ్యలేదమ్మా. వెనక కూర్చున్నాను."

పొద్దు గూకింది. రోడ్డు మీద ఇద్దరు మనుషులు ఇనప గేటును ఈడ్చుకొచ్చి ఘాట్‌కు అడ్డంగా పెడుతున్నారు. అప్పలస్వామి హ్యాండిల్ పట్టుకునే ఉన్నాడు. దాన్ని కుడివైపుకు చివరిదాకా తిప్పాడు, ఎడమవైపుకు చివరిదాకా తిప్పాడు. బ్యాగు ఎక్కడా తగల్లేదు.