బొంతను వదిలి నాలుగు నిమిషాలు

లెక్కల టీచరు బోర్డు మీద భిన్నాలు వేస్తుండగా ఆఫీసు ఆయా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. గువ్వను పుస్తకాలు సర్దుకుని రమ్మంది. వాళ్ళ నాన్న గేటు దగ్గర ఉన్నాడట.

గువ్వకు పదేళ్ళు. అసలు పేరు స్కూలు రిజిస్టరులో భద్రంగా ఉంది. ఇంట్లోనూ వీధిలోనూ క్లాసులోనూ అందరికీ తను గువ్వే. నాన్న బస్సు డ్రైవరు. డ్యూటీ మధ్యలో దిగి ఆయన స్కూలుకు రావడం ఇదే మొదటిసారి. యూనిఫారం కూడా విప్పలేదు.

"కింది ఇంటి పిన్నిగారు ఫోన్ చేశారు. బొంత ఘోరంగా ఏడుస్తోందట. తాళం నీ దగ్గరే ఉందిగా?" అన్నాడు.

గువ్వ జేబు తడుముకుంది. తాళం జేబులోనే ఉంది. అయితే ఆ ఇంట్లో బొంత ఎక్కడ ఉందో గువ్వ ఒక్కదానికే తెలుసు.

బొంత వాళ్ళ కుక్క. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు, నలుపు అతుకులు వేసినట్టుంటుంది. ఆ పేరు అమ్మ పెట్టింది. అమ్మది కుట్టుపని. నాలుగేళ్ళుగా ముందు గదిలోనే మెషిను వేసుకుని కుట్టేది. అమ్మ పాదాల పక్కన, మెషిను కింద, బొంత పగలంతా పడుకునేది. మెషిను చప్పుడే దానికి జోలపాట. మీద గుడ్డముక్కలు పడుతున్నా కదిలేది కాదు.

నెల కిందట అమ్మ రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో చేరింది. ఇంట్లో మెషిను మీద దుప్పటి కప్పేశారు. తెల్లవారకముందే నాన్న, ఏడింటికి అమ్మ, ఎనిమిదిన్నరకు గువ్వ బయటికి వెళ్ళిపోతారు. ఆ తర్వాత బొంత ఒక్కటే. కళ్ళు తెరిచినప్పటి నుంచి అది ఒంటరిగా ఉన్నది ఈ నెలలోనే.

ఈ నెలలోనే అది ఇల్లు పీకి పందిరేసింది కూడా. చాప చింపింది. నాన్న చెప్పులు కొరికింది. ముందు గదిలో తడిపేసింది. ఇక దాని అరుపులకు కింది ఇంటి బాబాయిగారి కన్ను మూతపడటం లేదు. ఆయనకు రాత్రి డ్యూటీ, పగలే నిద్ర. పాపం, మంచివాడే. కానీ నిద్ర లేక మనిషి పీక్కుపోయాడు.

సాయంత్రం రాగానే గువ్వ చినిగిన చాప బొంతకు చూపించి, వేలు ఆడిస్తూ తిట్టేది. బొంత చెవులు వెనక్కి వాల్చి, తోక కాళ్ళ మధ్య దాచుకుని, మూతి నాక్కుంటూ నేలకు అంటుకుపోయేది. తప్పు చేశానని దానికి బాగా తెలుసని గువ్వ అమ్మకు చెప్పేది.

పొద్దున మాత్రం ప్రేమ కారిపోయేది. గువ్వ బొంత మెడ కావలించుకుని, వెళ్ళొస్తానని పది నిమిషాలు బతిమాలేది. మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి వచ్చి, ఇంకో ముద్దు పెట్టేది. బొంత పెద్దగా ఆవులించేది. పాపం నిద్రొస్తోంది, నేను వెళ్ళగానే పడుకుంటుంది అనుకునేది గువ్వ.

నిన్న సాయంత్రం కింది ఇంటి పిన్నిగారు మెట్లెక్కి వచ్చారు. ఇలాగే ఉంటే ఇంటి ఓనరుకు చెప్పక తప్పదని, కోపం లేకుండానే, అలసటగా అన్నారు. గువ్వ ఆ మాట అమ్మకీ నాన్నకీ చెప్పలేదు. చెబితే బొంతను ఎవరికైనా ఇచ్చేస్తారని భయం. అందుకని తనే ఒక ఉపాయం కనిపెట్టింది. బాత్రూము తలుపు మందంగా ఉంటుంది. కిటికీ అరచెయ్యంతే. అందులో ఉంచితే అరుపు బయటికి రాదు. ఈ రోజు పొద్దున ఎప్పటిలాగే ముద్దులన్నీ పెట్టి, బొంతను లోపలికి తోసి, బయట గడియ పెట్టేసింది.

కోతి పుండు బ్రహ్మరాక్షసి అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

నాన్న గడియ తీసేసరికి బాత్రూము తలుపు కింది భాగం చెక్క పేళ్ళుగా లేచిపోయి ఉంది. తలుపు మీదా నేల మీదా రక్తం. బొంత ఓ మూల నిలబడి వణుకుతోంది. ముందు కాళ్ళకు రెండు గోళ్ళు ఊడిపోయాయి. గువ్వను చూసి తోక ఊపబోయింది కానీ దానికి చేత కాలేదు.

నాన్న బొంతను టవల్లో చుట్టి ఎత్తుకున్నాడు. ఆటోలో పశువుల ఆసుపత్రికి వెళ్ళారు.

పశువుల డాక్టరమ్మ కాళ్ళకు కట్టు కట్టి, సూది వేసింది. తర్వాత బాత్రూములో ఎలా ఇరుక్కుందని అడిగింది. గాలికి తలుపు పడి ఉంటుందని నాన్న అన్నాడు. గడియ బయటి వైపు ఉందన్న సంగతి ఆయనకు అప్పుడే గుర్తొచ్చినట్టుంది, సగంలో ఆగిపోయాడు.

"నేనే పెట్టాను నాన్నా," అంది గువ్వ.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండునని గువ్వకు అనిపించింది. ఆవిడ బొంత పక్కనే స్టూలు మీద కూర్చుని, పొద్దున మీరు బయలుదేరేటప్పుడు ఇదేం చేస్తుందో చెప్పమంది. గువ్వ అంతా చెప్పింది. బ్యాగు తీయగానే కాలికీ చేతికీ అడ్డం పడటం, ఆవులింత, మూతి నాక్కోవడం, సాయంత్రం తిట్లు, అన్నీ.

"అది నిద్ర ఆవులింత కాదమ్మా," అంది డాక్టరమ్మ. "భయం వేసినా కుక్కలు ఆవులిస్తాయి, మూతి నాక్కుంటాయి. నువ్వు మెడ పట్టుకుని బతిమాలేకొద్దీ ఏదో ప్రమాదం వస్తోందనుకుంది. సాయంత్రం నువ్వెందుకు తిడుతున్నావో దానికి తెలీదు. నువ్వొస్తే కూడా భయపడటం నేర్చుకుంది."

చివరి మాట గువ్వ లోపలికి ముల్లులా దిగింది. నువ్వొస్తే కూడా భయం.

దీనికి వైద్యం ఉందని డాక్టరమ్మ చెప్పింది. రోజుకు ఇరవైసార్లు తాళాలు చేతిలోకి తీసుకుని, ఎక్కడికీ వెళ్ళకుండా తిరిగి పెట్టెయ్యాలి. తర్వాత పది సెకన్లు బయటికి వెళ్ళి రావాలి. తర్వాత ఇరవై సెకన్లు. వెళ్ళేటప్పుడు హడావిడి వద్దు, వచ్చాక హడావిడి వద్దు. అది బెదరనంత వరకే పెంచుకుంటూ పోవాలి. తోడుగా మందు కూడా రాసిచ్చింది. కానీ నెలలు పడుతుందంది. ఈ లోపల దాన్ని పూర్తిగా ఒంటరిగా వదిలితే చేసిందంతా వృథా.

ఇంటికొచ్చేసరికి ఓనరు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. బాబాయిగారు కింద తలుపు దగ్గర తలవంచుకుని నిలబడ్డారు. ఆదివారం దాటాక కుక్క ఇంట్లో ఉండకూడదు, లేదా మీరే ఉండకూడదు అని ఓనరు చెప్పాడు. ఆ రోజు బుధవారం.

నాన్న రెండు రోజులు సెలవు పెట్టాడు. అమ్మకు కొత్త ఉద్యోగం, సెలవు దొరకలేదు. గువ్వ స్కూలు నుంచి రాగానే గోడ గడియారం ముందు నిలబడేది. నాన్నను ముందే కిందికి పంపి, తాళాలు తీసేది, పెట్టేది. తలుపు తీసేది, వేసేది. బుధవారం పది సెకన్లు. గురువారం నలభై. శుక్రవారం ఒకటిన్నర నిమిషం. ఒకసారి తొందరపడి మూడు నిమిషాలు చేసింది. లోపల నుంచి ఊళ మొదలైంది. మళ్ళీ పది సెకన్ల దగ్గరికి వచ్చింది.

శనివారం స్కూలుకు సెలవు, పగలంతా గువ్వే ఇంట్లో ఉంది; సాయంత్రానికి నాలుగు నిమిషాలు అయింది. గువ్వ మెట్ల మీద ఊపిరి బిగబట్టి కూర్చుంది. బొంత అరవలేదు. ఇంకొక్కటి చూద్దామనుకుంది. ఐదో నిమిషం సగంలో ఊళ మొదలైంది. కింది ఇంట్లో ఎవరో కిటికీ మూశారు.

స్కూలు, రానూపోనూ కలిపి ఏడు గంటలు. లెక్కల్లో గువ్వ ఎప్పుడూ వెనకే. ఈ లెక్క మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది. అక్కడే మెట్టు మీద మోకాళ్ళలో తల పెట్టుకుంది.

అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. తనకు కుట్టుపని నేర్పిన మాస్టారు ఉన్నారుగా, ఆయనతో మాట్లాడానంది. ఆయన ఇల్లూ కొట్టూ ఒకటే. గడప దాటి వెళ్ళే మనిషి కాదు. పగలంతా మెషిను ఆడుతూనే ఉంటుంది. రెండు బస్సులు మారాలి. బొంతను ఉంచుకుంటానన్నారు.

"సెలవులకు తెచ్చుకోవచ్చా?"

"డాక్టరమ్మను అడిగాను. అటూ ఇటూ తిప్పితే దాని భయం ఇంకా ముదురుతుందట. ఇచ్చేస్తే ఇచ్చేసినట్టే."

గువ్వ తలెత్తి, తను బాత్రూములో పెట్టకపోయి ఉంటే బొంత ఇక్కడే ఉండేదా అని అడిగింది.

లేదులే, నీ తప్పేం లేదు అనేస్తుందని అనుకుంది. అమ్మ అలా అనలేదు.

"ఏమో తల్లీ. ఇంకో నెల గడిచేదేమో. నాలుగేళ్ళు నా కాళ్ళ దగ్గర పడుకుంది. మెషిను మూసేసి వెళ్ళిపోయేటప్పుడు నేనైనా ఆలోచించాల్సింది. ముగ్గురికీ తెలీలేదు," అంది. కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది.

ఆ సాయంత్రం గువ్వ నోటుబుక్కులో కాగితం చింపి రాయడం మొదలుపెట్టింది. మూడుసార్లు కొట్టేసి, చివరికి ఇంతే ఉంచింది: ఆవులిస్తే నిద్ర అనుకోకండి. మూతి నాక్కుంటే ఆకలి అనుకోకండి. భయపడుతోందని అర్థం. ఏం చింపినా తిట్టకండి. గది తలుపు వెయ్యకండి.

ఆదివారం బస్సులో బొంత ఒళ్ళో పడుకుంది. గువ్వకు ఆ దారంతా ఒకటే ఆలోచన. దిగగానే దాన్ని గట్టిగా కావలించుకోవాలి. నన్ను మర్చిపోకు అని చెప్పాలి. కాలి కట్టు మీద, ముక్కు మీద, రెండు చెవుల మీద ముద్దులు పెట్టాలి. ఇంక జన్మలో దొరకనట్టు పెట్టాలి.

మాస్టారు సన్నగా, మెడలో టేపుతో ఉన్నారు. గువ్వ ఇచ్చిన కాగితం రెండుసార్లు చదివి, మడిచి, కళ్ళజోడు పెట్టెలో పెట్టుకున్నారు. వెళ్ళి మెషిను ముందు కూర్చుని, ఒక చొక్కా చేతికి కుట్టు వేయసాగారు.

మెషిను చప్పుడు వినగానే బొంత చెవులు లేచాయి. కుంటుకుంటూ గదంతా వాసన చూసింది. మెల్లగా మెషిను కిందికి వెళ్ళి, మాస్టారి పాదం పక్కన కూర్చుంది. కాసేపటికి పడుకుంది. గువ్వ తెచ్చిన చినిగిన చాపను అమ్మ దాని పక్కనే పరిచింది.

నాన్న గువ్వ వైపు చూశాడు. ఇక వెళ్దామా అన్నట్టు.

గువ్వ ఒక అడుగు ముందుకు వేసింది. బొంత తల ఎత్తి చూసి, పెద్దగా ఆవులించింది.

గువ్వ ఆగిపోయింది. చేతులు రెండూ బిగించి వెనక్కి పెట్టుకుంది. తర్వాత, పక్క కొట్టుకు వెళ్ళొచ్చే పిల్లలా, చెప్పులు వేసుకుని మామూలుగా గడప దాటింది. బొంత పేరు కూడా పలకలేదు. వెనక్కి తిరగలేదు.

వీధి మలుపు దగ్గర ఆగి, నాన్న చేతి గడియారం తన వైపు తిప్పుకుంది. ఒక నిమిషం. రెండు. అమ్మ ఏదో అనబోతే నాన్న వద్దని తల ఊపాడు. మూడు. నాలుగు. గువ్వ గడియారం వదల్లేదు. ఐదో నిమిషం కూడా గడిచింది. కొట్టులో నుంచి మెషిను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

అప్పుడు గువ్వ ఇంకో వీధి దూరం గబగబా నడిచి, బొంతకు వినపడదని నమ్మకం కలిగాక, అమ్మ చీరలో ముఖం పెట్టుకుని ఏడ్చింది.