తలుపు బయట మహిత

శిక్షణ మొదటి రోజే కానిస్టేబుల్ మహిత ట్రైనర్‌కు బేడీలు వేసింది.

పండరి దవాఖానలో మానసిక వార్డు నర్సు. మనసు చెదిరినవాళ్లతో ఎలా మాట్లాడాలో పోలీసులకు నేర్పడానికి వచ్చాడు. రోగిలా నటిస్తూ కుర్చీ ఎత్తి అరిచాడు. బాగా నటించాడు. మరుక్షణం అతని ముఖం గోడకు ఆని ఉంది.

"మేడం, ఇది యాక్టింగ్."

"ముందుగాల చెప్పాలె గదా?"

"చెప్పిన. మీరు ఫోన్‌ల మాట్లాడుతాండ్రు."

ఆ తర్వాత అన్ని ప్రశ్నలూ ఆమెకే.

"అరుస్తున్న మనిషికి ఏం చెప్పాలె?"

"నోరు మూసుకొమ్మని."

"మహిత గారూ..."

"మెల్లగ చెప్పాలె, నోరు మూసుకొమ్మని."

క్లాసంతా నవ్వింది. పండరి మాత్రం కిటికీ వైపు తిరిగి చాలాసేపు దగ్గాడు.

శిక్షణ ముగిసిన రోజు ఆమెకు హాయిగా ఉండాల్సింది. గుండెలో ఏదో బరువుగా ఉంది. క్యాంటీన్ పప్పు అరగలేదనుకుంది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం కొత్తవాడ నుంచి ఫోన్ వచ్చింది. జంపఖానాలు నేసే గుండయ్య కత్తెర పట్టుకుని మగ్గం గదిలో గడియ పెట్టుకున్నాడు. బయట వానలో అతని భార్య చిలుకమ్మ ఏడుస్తోంది. తలుపు పగలగొట్టమన్నాడు ఎస్సై సదానందం.

"సార్, జర ఆగుండ్రి," అని మహిత పండరికి ఫోన్ చేసింది.

"నేనొస్తాన. అప్పటిదాంక మీరు మాట్లాడుండ్రి."

"నాకు రాదు."

"వస్తది."

తడి గడప మీద కూర్చుంది మహిత. "మామా, నేను మహితను. పోలీసునే. లోపటికి రాను."

"నన్ను చంపుతరు!"

ఎవరూ చంపరనబోయి ఆగింది. "భయమైతాందా?"

లోపల అడుగులు తలుపు దగ్గరికి వచ్చాయి. తర్వాత, "నిద్ర లేదు బిడ్డా. మగ్గం నన్ను తిడుతాంది."

"ఏమని?"

అతను చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. ఆమె తడుస్తూ విన్నది.

"చచ్చిపోవాలని అనిపిస్తాందా మామా?"

ఎస్సై ఉలిక్కిపడ్డాడు. లోపలి నుంచి గొంతు సన్నగా వచ్చింది. "అనిపిస్తాంది."

"చెప్పినవు, మంచిగైంది. ఆ కత్తెర కిటికీల కెల్లి బయట వెయ్యి. నేను ఈడనే ఉంట."

పండరి ఆటో దిగేసరికి కత్తెర బురదలో ఉంది. తలుపు తీసి ఉంది. గుండయ్య మహిత చొక్కా చేతిని పట్టుకునే దవాఖానకు వెళ్లాడు.

అతన్ని వార్డులో చేర్చాక ఆమె వరండాలో బల్ల మీద కూలబడింది.

"మీకెట్లున్నది?" అన్నాడు పండరి.

"మంచిగనే ఉన్న," అని ఏడ్చేసింది.

ఏడవొద్దనలేదతను. పక్కన కూర్చున్నాడు. చీకటి పడేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. ఇది పప్పు పని కాదని మహితకు అర్థమైంది.

కొన్ని వారాలకు గుండయ్య మళ్లీ నేతకు కూర్చున్నాడు. ఆ మాట చెప్పడానికి పండరి స్టేషన్‌కు వచ్చాడు. ఫోన్‌లో చెప్పొచ్చు. చెప్పాక కూడా పోలేదు.

"మా అమ్మకు నీ గురించి చెప్పిన."

"ఏమని?"

"చేసుకుంటే నిన్నే చేసుకుంటనని."

"ఏమన్నది?"

"జర భయపడ్డది. నన్ను కొడుతవేమోనని."

మహిత టోపీ సర్దుకుంది. అది సరిగ్గానే ఉంది.

"నీకు భయం లేదా?"

"ఉన్నది. అయినా అడుగుతాన."

ఆమె ముందున్న రిజిస్టర్ మూసింది.

"మా నాయనతోని నేనే మాట్లాడుత. నువ్వు రాకు. నువ్వొస్తే ఆయన కష్టాలన్నీ నీకు చెప్పుకుంట కూసుంటడు. లగ్గం ముచ్చట ఎనుకవడ్తది."