ఖాళీ తీగ

"గా పరదా ఇయ్యుండ్రి మేడం. పని అయినంక మల్ల తెచ్చిస్త."

పనిలోంచి వచ్చి ఇంకా చెప్పులైనా విప్పని మాణిక్యాంబ విసుగ్గా తలెత్తింది. గుమ్మంలో కూలీలు వేసుకునే నీలం కవరాల్‌లో ఒక మనిషి. భుజం మీద రంగురంగుల పరదాలు, కళ్ళ నిండా నిద్ర.

బర్ దుబాయ్‌లోని ఆ పాత బిల్డింగ్‌ని ఒకప్పుడు కుటుంబాల కోసం కట్టారు. మధ్యలో అందరికీ కలిపి ఒక ముంగిలి. ఇప్పుడు గది నిండా రెండంతస్తుల మంచాలు, మంచానికో పరదా. అయేషా అనే ఆర్టిస్టు ఒక ప్రదర్శన కోసం ఆ పరదాలు అడిగి తీసుకుని ముంగిట్లో వేలాడదీయిస్తోంది. ఆ పనికొచ్చినవాడే భూమేశ్.

"పగలంతా వీసా ఇచ్చిన కఫీల్ ఇంట్లో చాకిరీ. ఇక్కడికొస్తే ఆ పరదా వెనకేనండీ నా ఇల్లు. బట్టలు మార్చుకున్నా, ఏడ్చుకున్నా అక్కడే. దాన్ని ముంగిట్లో ఆరేస్తారా? ఇవ్వను!"

"వద్దంటె వద్దు తియ్యుండ్రి. నాకూ జెబెల్ అలీ లేబర్ క్యాంపుల ఒకటున్నది, లుంగీ చింపి కట్టుకున్న. అడిగితే నేనూ ఇయ్య."

అని వెళ్ళిపోయాడు. ఇంకోసారి అడుగుతాడనుకుంది. అడగలేదు. ఆ రాత్రంతా ఎందుకో అదే గుర్తొచ్చింది.

ప్రదర్శన సాయంత్రం ముంగిలి నిండా జనం. పూల పరదాలు, గళ్ళ పరదాలు గాలికి ఊగుతున్నాయి. వాటి మధ్య ఒకచోట ఉత్త తీగ. ఫోటోలు తీసేవాళ్ళంతా దాని దగ్గరే ఆగుతున్నారు.

మాణిక్యాంబ నిచ్చెన మడుస్తున్న భూమేశ్ దగ్గరికెళ్ళింది.

"ఇదేంటండీ, మర్చిపోయారా?"

"గా జాగ మీదే. ఇంకోటి కట్టుమన్నది అయేషా మేడం. మీరు ఇయ్యనన్నరు గద, ఖాళీగనే ఉండనీయుండ్రి అన్న నేను. ఒప్పుకున్నది."

మాణిక్యాంబ ఆ ఉత్త తీగ వంక మళ్ళీ చూసింది. "ఈ దేశమొచ్చాక నేను కాదంటే విన్నవాళ్ళు లేరండీ."

భూమేశ్ చెవులు ఎర్రబడ్డాయి. "గట్లయితే... ఇంకో మాట అడుగుదామనుకుంటున్న. పరదా గురించి కాదు, మన గురించి."

"ఇవాళొద్దు. నిలబడే ఓపిక కూడా లేదు."

"సరే," అని నిచ్చెన ఎత్తుకున్నాడు.

"అయ్యో, అలా వెళ్ళిపోతారేంటండీ!" అలసట మరిచి నవ్వేసింది. "సెలవురోజు రండి, అడగండి. కాదననులెండి."