ఊఁ కొట్టిన ఊరు

"చెబుతున్నాను, వింటున్నారా?" అంది ఫోన్‌లో గొంతు.

"ఊఁ," అంది వీరవేణి, చేపల పులుసు పొంగకుండా గరిటె తిప్పుతూ.

వెన్నెల్లో తడిసినట్టుంది ఆ గొంతు. రేవుపాలెంలో ఆ సాయంత్రం ఇంటింటా అదే గొంతు, అదే మాట. ఇంటింటా ఎవరో ఒకరు ఊఁ కొడుతున్నారు.

ఆ గొంతు మనిషిది కాదు. ఓటువాణి అనే యంత్రానిది. దాన్ని తయారుచేసింది డాక్టర్ అవధాని.

అప్పటికి రేవుపాలెం సముద్రం కన్నా పల్లంలో ఉంది. గోడ అవతల అలలు మేడ కిటికీల ఎత్తున కొట్టుకునేవి. ఊళ్ళోకి ఊరిన నీళ్ళని ఉత్తరాన ఒక కంపెనీ పంపు, దక్షిణాన ఇంకో కంపెనీ పంపు తోడి బయట పోసేవి. ఒకప్పుడు ఆ కంపెనీలకి పడేది కాదు. ఒకరు కొత్త మోటారు వేస్తే రెండోవారూ వేసేవారు. ఆ పోటీ పుణ్యాన ఊరు హాయిగా నిద్రపోయేది. తర్వాత రెండింటిలోనూ పెద్ద వాటా ధ్రువతార ఫండ్ చేతికి వచ్చింది. కరెంటు, బస్సులు, ఆసుపత్రి, ఎక్కడ చూసినా అదే. ఆ ఫండ్‌లో డబ్బు ఎవరిదంటే ఊరివాళ్ళదే, జీతాల్లోంచి నెలనెలా పట్టుకున్నది. కంపెనీ మీటింగుల్లో చెయ్యెత్తేది మాత్రం ఫండ్.

అవధానికి అది అన్యాయంగా తోచింది. డబ్బు ఎవరిదో ఓటూ వాళ్ళదే కావాలన్నాడు. ఓటువాణి అందరికీ ఫోన్ చేసి, తీర్మానం చదివి, వాళ్ళ నోట విన్నదాన్నే ఓటుగా వేస్తుంది. ఫండ్ ఒక్క షరతు మీద ఒప్పుకుంది. మాట్లాడనివాళ్ళ ఓటు తనే వేస్తుంది.

సూరిబాబు ఇంటికొచ్చేసరికి ముఖంలో నెత్తురు లేదు. అతను దక్షిణం పంపు ఆపరేటరు, వీరవేణి మొగుడు.

"ఒకే యజమానికి రెండు పంపులు దండగంట. మనది ఆపేస్తారంట. ఊరంతా సరేనందంట."

"నేననలేదు మావా."

"ఊఁ అన్నావా?"

గరిటె ఆగిపోయింది. వాళ్ళ వీధి ఊరికంతటికీ పల్లం. పంపు ఆగితే మొదట మునిగేది ఆ వంటగదే.

మర్నాడు ఇద్దరూ అవధాని లాబొరేటరీకి వెళ్ళారు.

"ఊఁ అంటే ఒప్పుకున్నట్టే కదమ్మా," అన్నాడాయన.

"వింటున్నానని అండి. మా ఆయన ఏం చెప్పినా ఊఁ అంటాను. ఒక్కటైనా ఒప్పుకున్నానేమో అడగండి."

"లేదండి," అన్నాడు సూరిబాబు.

అవధాని కుర్చీలో కూలబడ్డాడు. "నా మాటలతోనే దానికి తెలుగు నేర్పాను. నేను ఒంటరివాణ్ణి. మా ఇంట్లో నాకు ఊఁ కొట్టేవాళ్ళు లేరు."

ఆయన లేచి ఓటు నిబంధనల కాగితాలు తిరగేశాడు.

మళ్ళీ ఒకసారి ఓటు అడగడానికి నిబంధన ఉంది. ఆదివారం ఫోన్లు వెళతాయన్నాడు. 'వద్దు' అని స్పష్టంగా చెబితే చాలు.

వీరవేణి గడపగడపకీ తిరిగింది. "ఊఁ అనకండి, వద్దనండి." కానీ ఆమె కన్నా ముందు భయం నడిచింది. దారిలో సగం మాట రాలిపోయింది. ఊహూఁ అన్నా ముందున్న ఊ పట్టేసుకుంటుందట అన్నారు ఒక వీధిలో. దగ్గినా లెక్కేనట అన్నారు పక్క వీధిలో. గోడవారనున్న ఆఖరి ఇళ్ళకి చేరేసరికి మిగిలింది ఒకటే: నోరు తెరిస్తే పోతాం.

ఆదివారం ఊరంతా ఫోన్లు మోగాయి.

"వద్దు," అంది వీరవేణి. తన గొంతు ఒక్కటే వినబడింది. వీధిలోకి పరిగెత్తింది. ఎక్కడా మాట లేదు. పిల్లల నోళ్ళు తల్లుల అరచేతుల కింద ఉన్నాయి. ఎదురింటి పోలమ్మ అత్త ఫోన్ చెవిన పెట్టుకుని, పైటకొంగు నోట్లో కుక్కుకుని కిటికీ దగ్గర నించుంది.

"అత్తా, మాట్లాడు. వద్దను. ఒక్క మాట."

పోలమ్మ కళ్ళ నిండా నీళ్ళు. తల అడ్డంగా ఊపింది. మెడ నరాలు తేలేలా ఊపింది. ఆ పక్క కిటికీలోనూ ఒక తల, దాని పక్కన ఇంకోటి. వీధి పొడుగునా అందరూ ప్రాణమంతా పెట్టి వద్దు వద్దని తలలూపుతున్నారు.

యంత్రానికి చెవులున్నాయి. కళ్ళు లేవు.

"మీ మౌనానికి ధన్యవాదాలు. మీ తరఫున ఓటు ఫండ్ వేసింది," అంది వెన్నెల గొంతు అన్ని ఫోన్లలోనూ ఒక్కసారే.

దూరంగా దక్షిణం పంపు ఆగింది. వీధి చివర మురుక్కాలవలోంచి నీళ్ళు వెనక్కి రావడం వినబడింది. పోలమ్మ కొంగు తియ్యలేదు. ఇంకా తల ఊపుతూనే ఉంది.