జొన్నకంకి జాయింట్

“ఇది విరుగుతది.”

గ్రేస్ ఉలి ఆపి తలెత్తింది. దుకాణం గుమ్మంలో సైకిల్‌కు ఆనుకుని ఒక పొడుగాటి అబ్బాయి నిలబడి ఉన్నాడు. చొక్కా మీద ఇనుప పొడి, ముఖం మీద నవ్వు. పేరు లేదు, పలకరింపు లేదు. వచ్చీ రాగానే శాపం!

“ఏంది విరిగేది?”

“నీ చేతిలున్నదే. కంకి మెడ సన్నగుంది. జెర గుంజితే పుటుక్కుమంటది.”

“ఏదీ, గుంజు సూద్దాం!”

అతను గుంజాడు. పుటుక్కుమంది.

“నీ కోపం మాత్రం మస్తు గట్టిగుంది,” అన్నాడు విరిగిన ముక్కను తిరిగి ఇస్తూ. గ్రేస్ దాన్ని లాక్కుంది. ఏడుపొస్తోంది. వీడి ముందు మాత్రం ఏడవకూడదు.

అది తొంభై మూడో సంవత్సరం. పటాన్‌చెరు పెద్దరోడ్డు పక్క సందులో గ్రేస్ తండ్రి సొలొమోనుది వడ్రంగి దుకాణం. ఆయన చేసిన కుర్చీలో అతుకు ఎక్కడుందో ఎంత వెతికినా దొరకదు. అదే ఆయన గొప్ప. కూతురిది పూర్తిగా ఎదురు దారి. రెండు చెక్కలు కలిసే చోటును దాచడమెందుకు, అందంగా చెక్కి అందరికీ చూపిస్తే పోలా అంటుంది. ఒక చెక్క అంచున జొన్నకంకి ఆకారం, రెండో చెక్కలో అచ్చంగా అదే కొలతకు గుంట. కంకి వెళ్లి గుంటలో కూర్చుంటే మేకుతో పనే లేదు.

కోత పండుగకు పాస్టరు అయ్యగారి కోసం చర్చి వాళ్లు కొత్త కుర్చీ అడిగినప్పుడు, గ్రేస్ పట్టుబట్టి ఆ పని తీసుకుంది.

“చెయ్యి బిడ్డా,” అన్నాడు సొలొమోను. “అయినంక నేనెక్కి నిలబడత. విరిగితే ఇగ పాలిష్ పనే నీది.”

అందుకే ఆ పుటుక్కుమన్న చప్పుడు ఆమె గుండెలో వినిపించింది.

ఆ అబ్బాయి పేరు అహరోను. కర్దనూరు వాడు. ఫౌండ్రీలో ఇనుము పోసే అచ్చుల కోసం చెక్కతో నమూనాలు చేస్తాడు. కంపెనీలో టేకు అయిపోయి కొనడానికొచ్చాడు. “కాకా, మంచి ముక్కలియ్యి,” అని సొలొమోను దగ్గర టేకు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక దుకాణంలో మళ్లీ ప్రత్యక్షం. చేతిలో రేకుతో కత్తిరించిన కంకి ఆకారం. మెడ కొంచెం లావుగా, తల కొంచెం వెడల్పుగా.

“ఎవరడిగిన్రు నిన్ను?”

“ఇరగ్గొట్టింది నేనే గద.” అంతవరకూ నవ్విన ముఖం ఒక్కసారిగా నెమ్మదించింది. “నేను చేసినయి మట్టిల అచ్చు తీసి మూలకేస్తరు. ఎవ్వరు సూడరు. నీదైతే ఊరంత సూస్తది. గది నిలబడాలె.”

గ్రేస్ రేకు ముక్కను చెక్క మీద పెట్టి చూసింది. సరిగ్గా ఉంది. అది ఇంకా ఒళ్లు మండించింది.

అప్పట్నుంచి డ్యూటీ దిగగానే సైకిల్ ఆ సందులోకే తిరిగేది. అతను అంచులు కోసేవాడు, ఆమె గింజలు చెక్కేది.

“గిన్ని గింజలెందుకు?”

“పిట్టలొచ్చి తినిపోనీకి.”

“నేనొస్తున్న గద.”

గ్రేస్ తల వంచుకుంది. ఉలి జారింది. ఒక గింజ వంకర పోయింది.

పండుగ ముందు ముసురు పట్టుకుంది. తేమకు చెక్క ఉబ్బింది. చివరి కంకి గుంటలో సగం దాకా వెళ్లి ఇరుక్కుంది. లోపలికి పోదు, బయటికి రాదు. ఇటు గ్రేస్, అటు అహరోను గుంజుతున్నారు. పైన రేకుల మీద వాన దంచుతోంది. ఇద్దరి నుదుళ్ల మధ్య జానెడు దూరం కూడా లేదు. అతని కనురెప్పల మీద రంపపు పొట్టు కనిపించింది ఆమెకు.

“గుంజు.”

“గుంజుతున్న.”

“ఏడ గుంజుతున్నవ్? నన్నే సూస్తున్నవ్!”

“ఏం నడుస్తుందిక్కడ?” గుమ్మంలో గొడుగు ముడుస్తూ సొలొమోను.

అహరోను ఉలిక్కిపడ్డాడు. “జాయింట్ ఇరుక్కుంది మామా!”

సొలొమోను గొడుగును గోడకు ఆనించాడు.

“మొన్నటి దాక కాకా అంటివి,” అన్నాడు సొలొమోను నిదానంగా. “ఇయ్యాల మామనెట్లయిననయ్యా?”

అహరోను చెవులు కందిపోయాయి. సొలొమోను ఇస్త్రీ పెట్టెలో నిప్పులు పోసి తెచ్చి, వేడి తగిలేలా చెక్క దగ్గర పట్టుకున్నాడు. చెక్క మెల్లగా ఆరింది.

“ఇగ కొట్టు బిడ్డా.”

గ్రేస్ కొయ్య సుత్తెతో కొట్టింది. టక్! కంకి వెళ్లి గుంటలో కూర్చుంది. గ్రేస్ కేక పెట్టి అహరోను చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న సంగతి ఇద్దరికీ కాసేపటికి గాని తెలియలేదు.

సొలొమోను చెప్పులు విడిచి కుర్చీ ఎక్కాడు. నిలబడ్డాడు. ఊగాడు. ఎగిరాడు కూడా. కుర్చీ కిర్రుమనలేదు.

“పాలిష్ పనికి వేరేటోళ్లను సూసుకోవాలె ఇగ,” అంటూ దిగి, చాయ్ తెస్తానని వానలోకే వెళ్లిపోయాడు. గొడుగు అక్కడే మరిచిపోయాడు.

“మామ అన్నవ్. నోరు జారిందా?” అడిగింది గ్రేస్.

“జారలే. శాన రోజుల సంది నాలిక మీదనే ఉంది.”

“మరి నాకు చెప్పవా?”

“నీ చేతిల ఎప్పుడు ఉలి ఉంటది. భయం గాదా?”

గ్రేస్ ఉలి కింద పెట్టింది. “ఇప్పుడు చెప్పు.”

చెప్పాడు. వానలో సగమే వినబడింది. ఆమె మిగతా సగం మళ్లీ చెప్పించుకుంది.

కోత పండుగనాడు ధాన్యం బస్తాల మధ్య కుర్చీ మెరిసిపోయింది. ఆరాధన ముగిశాక అహరోను తల్లి సాయమ్మ నేరుగా కుర్చీ దగ్గరికి వెళ్లి, కంకుల మీద వేళ్లతో తడిమి తడిమి చూసింది. తర్వాత సొలొమోను దగ్గరికొచ్చింది.

“అన్నా, మా పోరనికి నీ పిల్లనియ్యి.”

సొలొమోను నోరు తెరిచేలోపే గ్రేస్ ముందుకొచ్చింది. ఇప్పుడు అడగకపోతే ఇక ఎప్పుడూ అడగలేననిపించింది.

“అత్తమ్మా, పెండ్లైనంక నన్ను ఉలి పట్టనిస్తరా?”

సాయమ్మ ఆ పిల్ల చేతిని తన చేతిలోకి తీసుకుని, అరచేతిలో కాయలు కాసిన చోట బొటనవేలితో నిమిరింది.

“మా ఇంట్ల తలుపులన్ని బోసిగున్నయి బిడ్డా,” అంది. “జల్దీ రా.”