గుండె కాసే అమీన్

"నువ్వు హైదరాబాదు పోయేది లేదు, చదివేది లేదు! పోతే నా మీదికెల్లి నడుచుకుంట పో!" అంటూ సర్వరీ బేగం కూతురి బ్యాగు మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుంది. మధ్యాహ్నం రైలుకు వెళ్ళాల్సిన మహెజబీన్ గుమ్మంలోనే నిలబడిపోయింది. గోదావరిఖనిలోని ఆ రెండు గదుల ఇంట్లో, మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్న జలాలుద్దీన్‌కు ఏమీ అర్థం కాలేదు. ముప్పై రెండేళ్ళు బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. పన్నెండు రోజుల కింద ఛాతీలో మంటంటే భార్య సోడా తాగించబోయింది! ఫోనులో ఆ మాట విన్న కూతురే, "అమ్మీ, అది గ్యాసు కాదు, గుండె! జల్ది దవాఖానకు తీస్కపో!" అని అరిచింది. దొరికిన బస్సెక్కి తానూ వచ్చి పడింది. డాక్టర్లు మూసుకుపోయిన రక్తనాళం తెరిచారు. నిన్ననే ఇంటికొచ్చారు. భర్తను దక్కించిన అటువంటి బిడ్డ మీద ఇంత కోపమా!

కోపం కాదు, భయం! పొద్దున పక్కింటి సమ్మవ్వ మోసుకొచ్చిన కబురు అటువంటిది.

"గోడకు చెవి పెట్టలేదు బిడ్డా, ఊకెనే ఇనబడ్డది... నీ పిల్ల ఫోన్ల ఎవలకో చెప్తాంది. 'పాలీ అమీన్ తగ్గితే గుండె తట్టుకోదు, అమీనే కాపాడాలె' అని! ఎవడే ఆ అమీను?"

సమ్మవ్వ చెవిలో చీమ దూరితే నోట్లోంచి రైలింజను బయటికొస్తుంది. చాయ్ తాగడం అయ్యేసరికి అమీన్‌కు జ్యోతినగర్‌లో మేడ, ఎర్ర కారు, మెలేసిన మీసం మొలిచాయి. రెండో చాయ్‌కి ఒక పెళ్ళాం, ఇద్దరు పిల్లలు కూడా పుట్టారు! పాపం సర్వరీ... కొంగు పిండితే బిందె నిండేటంత ఏడ్చింది.

"చెప్పు! నీ గుండె వాని చేతిల పెట్టినవా?"

"ఎవని చేతిలమ్మీ?"

"ఆ అమీను!"

మహెజబీన్ నోరు తెరిచేలోగా బల్ల మీద ఆమె ఫోను మోగింది. సర్వరీ ఒక్క ఉదుటున అందుకుంది. "ఒరేయ్ అమీనూ! నీకు అమ్మాఅబ్బా లేరారా?"

"అస్సలాము అలైకుం ఆంటీ... నేను అఫ్షీన్‌ను. మహెజబీన్ తోటి ఒక్కటే ల్యాబుల చదువుతున్న." ఆ పిల్ల ఒక్క గుక్కలో చెప్పేసింది. "తనకు ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు ఆంటీ... కణాలన్నీ చచ్చిపోయినయ్. ఏడు నెలలు పెంచింది! మీ ఫోనొచ్చినప్పుడు వాటికి తిండి పెడుతుండె. 'మా అబ్బా' అనుకుంట అట్లనే వదిలి ఉరికింది. తర్వాత నేను పెట్టిన గానీ, నా చేతిల బూజు పట్టింది. మళ్ల మొదటికెల్లి చెయ్యాలె. వస్తదా రాదా అని మా సార్ అడుగుతున్నడు..."

సర్వరీ ఫోను దించి కూతురి వైపు తిరిగింది. "కణాలన్నీ చచ్చిపోయినయంట, ఏం కణాలు బేటీ?"

మహెజబీన్ గోడకు జారగిలబడింది. "గుండె కణాలమ్మీ... గాజు పళ్ళెంల పెంచుత. భూతద్దం కింద చూస్తే కొట్టుకుంటనే ఉంటయి. పాలీఅమీన్ అంటే మనిషి కాదు. కణాలల్ల ఉండే పదార్థం. రక్తం ఆగితే గుండె కణం ఆకలితోని సగం చస్తది. మళ్ల రక్తం వచ్చినప్పుడు, దాంతోటి ఒక్కసారే వచ్చిన ప్రాణవాయువు వల్ల నిప్పురవ్వల అసోంటియి పుట్టి మిగిలిన సగాన్ని కాలుస్తయి. ఆ రవ్వలను పాలీఅమీన్లు ఆర్పుతయి. దెబ్బ తిన్న గుండెల అవే తగ్గిపోతయి. బయటికెల్లి ఇస్తే కణం బతుకుతదా అని చూస్తున్న..."

"అరే, ఇది నాకెరుకనే!" జలాలుద్దీన్ దిండు మీంచి లేవబోయాడు. "బొగ్గు తీసి గోడ కట్టి మూసిన జాగకు సందు పడి గాలి సొచ్చిందనుకో, లోపల మిగిలిన బొగ్గు దానంతటదే రాజుకుంటది. అందుకే ఇసుక, నీళ్ళు కలిపి పంపి నింపుతం. నీ అమీను మా గోదారి ఇసుకనే గదనే!"

"అంతే అబ్బా! కానీ ఇంకా మందు కాలే. పళ్ళెం వరకే."

"ఏడు నెలల కష్టం పోతదని నాకెందుకు చెప్పలే, బేటీ?" సర్వరీ అడిగింది.

"చెప్తే నన్ను ఉండనిస్తుంటివా? అవి మళ్ల పెరుగుతయమ్మీ... అబ్బా గుండె ఒక్కటే."

సర్వరీ గుండె కరిగి నీరైపోయింది! ఇన్ని రోజులు దవాఖానలో తండ్రి కాళ్ళు ఒత్తుతూ నవ్వించిన ఈ పిల్ల, కడుపులో ఇంత దాచుకుని కూర్చుందా... ఏమిచ్చి తీర్చుకోవాలి? మెల్లగా బ్యాగు మీంచి లేచి, వంటింట్లోకి పోయి, వేడి రొట్టెలు గుడ్డలో చుట్టి తెచ్చింది. కూతుళ్ళకు షుక్రియా చెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు. ఆటో ఎక్కుతున్న మహెజబీన్ తలను రెండు చేతులా పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. కన్నీళ్ళు కారుతున్నా గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"మళ్ల మాకేమన్న అయితే, ముందుగాల నీ కణాలకు కడుపునిండ తిండి పెట్టు. ఆ తర్వాత రా, బేటీ. అందాక మీ అబ్బాను నేను చూసుకుంట!"