తడిచేతుల సాక్ష్యం

సంచి అడుగున రెండు తువ్వాళ్ళు పరిచి, వాటిమీద రైస్ కుక్కర్‌ని పదిలంగా పెట్టింది హాగా మిత్సుయె. పక్కన ఒక జత బట్టలు, టూత్‌బ్రష్, టోక్యో వాళ్ళ చేతిలో పెట్టడానికి ఒసాకా మిఠాయి డబ్బా. ఇక మిగిలింది కుక్కర్ నాబ్ ఒక్కటే. దారిలో దెబ్బ తినకూడదని పొద్దున్నే దాన్ని విడిగా తీసి, పట్టుగుడ్డలో చుట్టి, సొరుగులో దాచి ఉంచింది. సొరుగు లాగింది. గుడ్డ ఉంది. నాలుగు అంచులూ కలిపి చక్కగా మడిచి ఉంది. లోపల నాబ్ లేదు.

పావుగంటలో ఆమె వెనక వీధిలో, నూడుల్స్ కొట్టు పై అంతస్తులో, డిటెక్టివ్ షిబుటా కినుయో ముందు నిలబడి వగరుస్తోంది.

కినుయోకి యాభై ఎనిమిదేళ్ళు. డిటెక్టివ్ కాకముందు ఇరవై రెండేళ్ళు ఒక పెద్ద దుకాణంలో, జనం వాపసు తెచ్చిన సామాన్లు తీసుకునే కౌంటర్లో కూర్చుంది. పనిచేయడం లేదని తెచ్చినవాటిలో సగం వస్తువులకి ఏ జబ్బూ ఉండదని, చిక్కంతా వస్తువుకీ చేతికీ మధ్యే ఉంటుందని ఆమె అక్కడ నేర్చుకుంది. ఆమె సహాయకుడు ఒగినో పూర్వం టాక్సీ నడిపేవాడు. ఆమె తుమ్మినా నోటుపుస్తకంలో రాసుకుంటాడు.

"ఏం పోయిందమ్మా?"

"నాబ్ అండీ. రైస్ కుక్కర్ నాబ్."

ఒగినో పెన్సిల్ ఆగింది. "వజ్రాలేమైనా పొదిగారా?"

"నువ్వు రాయి చాలు," అంది కినుయో. "చెప్పమ్మా."

ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ కోసం మిత్సుయె, తను పనిచేసే చిన్న కార్ఖానాలో చేసిన కుక్కర్ అది. పన్నెండు బొత్తాల బదులు ఒక్క చెక్క నాబ్. ఇటు తిప్పితే అన్నం, అటు తిప్పితే జావ. రెండేళ్ళ పని. ఇంకోటి చెయ్యాలంటే లక్కపూత ఆరడానికే మూడు వారాలు. రేపు తొమ్మిది గంటల బుల్లెట్ రైలుకి వెళ్ళి టోక్యోలోని పెద్ద దుకాణాల వాళ్ళకి చూపించాలి. వాళ్ళు కాదంటే ఈ నెలాఖరుకి కార్ఖానా మూసేస్తారు. పదకొండు మంది రోడ్డున పడతారు.

"పద, చూద్దాం," అని కినుయో లేచింది.

కార్ఖానా యజమాని అరిమురా గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "వెతకడం దేనికండీ? కుజెయే తీశాడు! మొదట్నించీ వాడికి బొత్తాల పిచ్చి!"

"బొత్తాలు కావాలన్నాను," అన్నాడు ఇంజనీరు కుజె, ఎర్రబడ్డ మొహంతో. "దొంగతనం చేస్తానన్నానా?"

"పన్నెండు బొత్తాలట! అది కుక్కరా, విమానమా?"

"విమానమైతే మిమ్మల్ని ఎక్కించి పంపేవాణ్ణి!"

కినుయో ఇద్దరినీ పట్టించుకోకుండా పట్టుగుడ్డ మడతని కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. "నాబ్ ఊడదీయడం ఎవరెవరికి తెలుసు?"

"మా ముగ్గురికీ," అంది మిత్సుయె. "తొయో బామ్మ ముందు కూడా చాలాసార్లు తీసి తుడిచాను. కింద చిన్న మీట నొక్కి లాగాలి."

"తొయో బామ్మ ఎవరు?"

ఆ పేరు వినగానే మిత్సుయె మొహం విప్పారింది. "మా కుక్కర్‌ని వాడి చూసి పెట్టే పెద్దావిడండీ. డెబ్భై తొమ్మిదేళ్ళు. రెండేళ్ళుగా ప్రతి గురువారం వస్తుంది. ఇవాళ కూడా వచ్చి పన్నెండింటికి వెళ్ళింది." ఆమె బీరువాలోంచి కాగితాల కట్ట తీసింది. ప్రతి కాగితం మీదా ఒకేచోట, 'చాలా బాగుంది' చుట్టూ వణుకుతున్న చేత్తో గీసిన సున్నా.

"ఒక్కసారైనా బాగాలేదందా?"

"ఒక్కసారీ అనలేదు. ఆవిడ వల్లే మాకీ ధైర్యం."

"పరీక్షప్పుడు బియ్యం ఎవరు కడుగుతారు?"

"మేమేనండీ. పెద్దావిడ, పైగా మనింటికొచ్చిన మనిషి. ఆవిడ చేత కడిగిస్తామా?"

కినుయో తల ఊపింది. అలమరలో అలాంటిదే మరో కుక్కర్ ఉంది. నెలరోజులు ఇంట్లో వాడి చూడమని తొయోకిచ్చారు. పోయిన వారమే వెనక్కి వచ్చింది. కినుయో దాని నాబ్‌ని కిటికీ వెలుగులో తిప్పి చూసింది. చుట్టూ, వేలి వెడల్పున, లక్క మెరుపు మాసిపోయింది; టోక్యోలో చూపించడానికి అది పనికిరాదు.

"రాసుకో ఒగినో."

"ఏమని రాయను గురువుగారూ?"

"కనిపించింది కనిపించినట్టు రాయి." ఆమె మిత్సుయె వైపు తిరిగింది. "ప్రయాణం రేపేనని ఎప్పుడు తెలిసింది?"

"మధ్యాహ్నం రెండింటికి. శనివారం అనుకున్నాం. వాళ్ళు ఫోన్ చేసి ఒకరోజు ముందే రమ్మన్నారు."

అప్పుడు కినుయో నవ్వింది. "ఒగినో, తొయో గారింటికి వెళ్ళు. రైలు శనివారం కాదు, రేపేనని చెప్పు. ఇంకొక్క మాట జారావో, రాత్రి నీకు నూడుల్స్ లేవు."

అతను వెళ్ళాక ఆమె బల్లమీద ఒక బేసిన్, బియ్యం, నీళ్ళు పెట్టించింది. అందరినీ చుట్టూ నిలబెట్టింది.

"అరిమురా గారూ, బియ్యం కడగండి."

"నేనా? పెళ్ళయ్యాక ఆ పని ఎప్పుడూ చెయ్యలేదే!"

"మీ ఆవిడకి చెప్పను, కానివ్వండి."

ఆయన కడిగాడు. తడిచేత్తో అలమరలోని కుక్కర్ నాబ్ పట్టుకుని తిప్పాడు. చెయ్యి తిరిగింది, నాబ్ తిరగలేదు. కుజె ప్రయత్నించాడు. జారింది. చివరికి మిత్సుయె తడిచేత్తో తనే పట్టుకుంది. రెండేళ్ళు ప్రాణం పెట్టి చేసిన నాబ్, సబ్బుబిళ్ళలా జారిపోయింది.

"రెండేళ్ళూ మీరు పొడిచేతులతో పరీక్షించారు," అంది కినుయో. "అన్నం వండే చెయ్యి తడిగా ఉంటుంది. ఆ సంగతి తొయో గారికి ఇంట్లో తెలిసింది. మీ కుక్కర్ నాబ్‌కి రబ్బరు బ్యాండ్లు చుట్టుకుని వాడింది. ఆ మాసిన పట్టీ వాటి గుర్తే. మీరు మర్యాదకి ఆవిడని బియ్యం కడగనివ్వలేదు, ఆవిడ మర్యాదకి బాగాలేదని చెప్పలేదు. ఇక దొంగ సంగతంటారా, పగతో వచ్చినవాడు కుక్కర్‌నే పగలగొడతాడు, గుడ్డ మడతపెట్టి పోడు. సరిచేసి రేపు ఎలాగూ తెచ్చి పెట్టేసే వస్తువు కాబట్టే ఆవిడ ఇంత పదిలంగా మడిచింది. మీరు ఒకరోజు ముందే సంచి సర్దారు, అంతే."

మాట పూర్తయ్యేసరికి గుమ్మంలో చెక్కచెప్పుల చప్పుడు.

"అమ్మాయ్! రైలు రేపేనటగా!" తొయో బామ్మ ఆయాసపడుతూ వచ్చి, మూట విప్పి, నేలకి తల ఆనించి దణ్ణం పెట్టబోయింది. మిత్సుయె పట్టుకుని ఆపింది.

మూటలో నాబ్. దాని చుట్టూ నల్లటి పట్టుదారం, పోగు పక్కన పోగు, సన్నటి గట్లు గట్లుగా. ఇంకో నాలుగు చుట్లు మిగిలాయి.

"మా ఆయన గాలపు కర్రలు చేసేవాడు," అంది బామ్మ. "పిడికి దారం చుట్టే పని నాదే. వాన పడినా చేప జిగురు అంటినా చెయ్యి జారకూడదు గదా."

"చెప్పి ఉండొచ్చుగా బామ్మా!"

"ఎలా చెప్పమంటావే? కాగితం నా చేతికిచ్చి, నా మొహంలోకే చూస్తూ కూర్చుంటావు. నీ కళ్ళకింద నలుపు చూస్తూ బాగాలేదని ఎలా సున్నా చుట్టను?"

మిత్సుయె నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. బామ్మ అక్కడే కూర్చుని మిగిలిన నాలుగు చుట్లూ చుట్టి, ముడి లోపలికి దోపింది. కుజె చేతులు తడుపుకుని నాబ్ తిప్పాడు. టక్కుమని తిరిగింది.

"బొత్తాలు వద్దులెండి," అన్నాడు.

అరిమురా అతని ముందు తల వంచాడు. "నిన్ను దొంగన్నాను. తిట్టు."

"తిట్టను. వెనక వీధి కొట్లో నూడుల్స్ పెట్టించండి. పెద్ద గిన్నె."

"నాక్కూడా," అన్నాడు బామ్మ వెనకే వచ్చిన ఒగినో. "నేనొక్క మాట కూడా జారలేదు."

ఆ రాత్రి ఇంకో సంచి సర్దారు. టోక్యోలో బియ్యం కడగడానికి బామ్మ కూడా బయల్దేరింది.

అక్కడ కొత్తవాళ్ళందరి ముందూ ఆవిడ బియ్యం కడిగి, తడిచేత్తో నాబ్ తిప్పింది. అన్నం ఉడికేలోపే ఒప్పందం కుదిరింది. తర్వాత బామ్మ చేత తేనీరు పోయిస్తూ, తమ కొత్త కెటిల్ ఎలా ఉందని ఆ దుకాణాల పెద్ద అడిగాడు.

"చాలా బాగుంది," అంది బామ్మ. మిత్సుయె వైపు చూసింది. "కాదు బాబూ. బాగాలేదు. మూత చెయ్యి కాలుస్తోంది."

దుకాణాల వాళ్ళు ముగ్గురు ఒక్కసారే నోటుపుస్తకాలు తీశారు. మిగతా వస్తువులు కూడా చూసి పెట్టమని ఒక్క వారం ఉండమన్నారు. అక్కడే ఆవిడ మేనకోడలి ఇల్లుంది, ఇబ్బంది లేదు. వారం నెల అయింది, నెల ఏళ్ళయింది. ఎప్పుడు ఫోన్ చేసినా బామ్మ గలగలా నవ్వుతూ, ఆ రోజు దేన్ని బాగాలేదందో చెప్పేది. మిత్సుయె చాలాకాలం గురువారాలు బల్లదగ్గర ఆవిడ కూర్చునే దిండు వేసి ఉంచింది.

తొయో బామ్మ ఒసాకా నుంచి బయల్దేరింది 1994 ఏప్రిల్ 15, శుక్రవారం, ఉదయం తొమ్మిది గంటల రైల్లో. తిరిగి రాలేదు.